జీవ రాజ్యాలు రెండా, ఐదా, ఆరా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి తొమ్మిదో తరగతి పుస్తకంలో జీవులకు ఐదు రాజ్యాలని, అంటే జీవులన్నిటినీ విడగొట్టిన పెద్ద గుంపులు ఐదని ఉంది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న మీ అన్నయ్యగారి అబ్బాయి మూడు డొమైన్లు, ఆరు రాజ్యాలు అన్నాడు. మీ మామగారు మాత్రం మొక్కలు, జంతువులు, అంతే, పుట్టగొడుగు మొక్క కాకపోతే మరేమిటి అంటున్నారు. వీటిలో ఏది నిజం, పరీక్షలో ఏది రాయాలి, బట్టీ పట్టి మార్కులు తెచ్చుకోవడానికి తప్ప ఈ పాఠం దేనికి పనికొస్తుంది అని అడిగారు. చివర్లో, మీ అమ్మాయి అడగమన్నదంటూ ఈస్టు గురించి ఒక ప్రశ్న చేర్చారు. అన్నిటిలోకీ అదే మంచి ప్రశ్న. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు పరీక్ష సంగతి. పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి. 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఐదు రాజ్యాలు: మొనీరా (బాక్టీరియా లాంటివి), ప్రొటిస్టా (ఎక్కువగా ఏకకణ జీవులు), ఫంజై (పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలు), ప్లాంటే (మొక్కలు), ఏనిమేలియా (జంతువులు). అడిగేది అదే, మార్కులు వచ్చేదీ దానికే. మీ ఇంట్లో ఎవరూ తప్పు చెప్పలేదు. మామగారిది 1735 నాటి లెక్క, పాఠ్యపుస్తకానిది 1969 నాటి లెక్క, కోచింగ్ అబ్బాయిది 1977 తర్వాత వచ్చిన లెక్క. జీవులు అవే. వాటిని చూసే సాధనం మారుతూ వచ్చింది. కంటితో చూసినంత కాలం రెండు కనిపించాయి, సూక్ష్మదర్శిని బాగుపడ్డాక ఐదయ్యాయి, జన్యువులను చదవడం వచ్చాక లెక్క మళ్లీ మారింది.

శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ముందు ఉన్నత పాఠశాలలో, తర్వాత జూనియర్ కళాశాలలో జీవశాస్త్రం చెప్పాను. ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు పట్టిక గీసే ముందు పిల్లలను ఒకటే అడిగేవాణ్ని: మీ ఊళ్లో ఒక మనిషిని కొత్తవాళ్లకు ఎలా పరిచయం చేస్తారు? ఫలానా వీధిలో ఉంటాడు, ఫలానా పని చేస్తాడు అనవచ్చు. లేదా ఫలానా ఇంటిపేరు, ఫలానావారి మనవడు అనవచ్చు. ఒకే వీధిలో గోడకు గోడ ఆనుకుని, ఒకే పని చేసుకుంటూ బతికేవాళ్లకు ఏ చుట్టరికమూ ఉండకపోవచ్చు. ఎప్పుడో మన తాతల కాలంలో రంగూన్ వెళ్లి అక్కడే ఉండిపోయినవాడి మనవడు మనకు దగ్గరి దాయాది కావచ్చు. జీవుల వర్గీకరణ చరిత్రంతా వీధిని చూసి చెప్పడం నుంచి ఇంటిపేరును చూసి చెప్పడం దాకా నడిచిన నడక. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

మీ మామగారి లెక్కతో మొదలుపెడదాం. స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1735లో ప్రకృతి మొత్తాన్ని ఖనిజాలు, మొక్కలు, జంతువులు అని మూడు రాజ్యాలుగా విడగొట్టాడు. ప్రాణమున్నవి రెండే. కదిలి వెళ్లి తిండి వెతుక్కునేది జంతువు, ఉన్నచోటే పాతుకుని ఉండేది మొక్క. పుట్టగొడుగు నేలలోంచి లేస్తుంది, కదలదు, అందుకని అది మొక్కల్లో పడింది. రెండు శతాబ్దాలకు పైగా అక్కడే ఉంది. కాబట్టి మీ మామగారి మాటను తేలిగ్గా తీసుకోవద్దని అమ్మాయికి చెప్పండి. ఆయన చదువుకునే రోజుల్లో వృక్షశాస్త్రం పుస్తకంలోనే శిలీంధ్రాల పాఠం ఉండేది. నేను డిగ్రీ చదివినప్పుడూ అంతే.

అయితే మన భాష మాత్రం పుట్టగొడుగు గుట్టు ఎప్పుడో పట్టుకుంది. పుట్ట మీద లేచే గొడుగు. తొలకరి పడి నాలుగు రోజులు ముసురు పట్టాక చెదపుట్టల మీద తెల్లగా గుంపులుగా లేచేవాటిని చిన్నప్పుడు మేము గంపలతో తెచ్చేవాళ్లం. వాటి శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్. అవి అక్కడ యాదృచ్ఛికంగా మొలవవు. పుట్ట లోపల చెదపురుగులు నమిలి తెచ్చిన కట్టెపొట్టుతో తేనెపట్టులాంటి అరలు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. కట్టెలోని గట్టి పదార్థాన్ని శిలీంధ్రం కరిగిస్తుంది, చెదలు దాన్ని తింటాయి. పైన మనకు కనిపించే గొడుగు ఆ లోపలి తోట పూసిన పువ్వు లాంటిది. ఎండతో దానికి పని లేదు, పత్రహరితం లేదు, తిండి తయారు చేసుకోవడం రాదు. అలాంటప్పుడు మొక్క అని ఎందుకు అనాలి? విట్టేకర్‌ను ఇబ్బంది పెట్టింది ఈ ప్రశ్నే.

ఆయన కంటే ముందే 1866లో జర్మనీలో హెకెల్ ఏకకణ జీవులకు ప్రొటిస్టా అనే మూడో రాజ్యం కావాలన్నాడు. చెరువు నీటి చుక్కలో యూగ్లీనా అనే జీవి ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటుంది, ఎండలో ఆహారం తయారు చేసుకుంటుంది, చీకట్లో పెడితే నీటిలో కరిగిన పోషకాలను తీసుకుని బతుకుతుంది, కశాభం అనే కొరడాలాంటి తోకతో ఈదుతుంది, కణం చుట్టూ గట్టి గోడ, అంటే కణకవచం ఉండదు. వృక్షశాస్త్రం వాళ్లు మాది అన్నారు, జంతుశాస్త్రం వాళ్లు మాది అన్నారు. తర్వాత కోప్లండ్ అనే శాస్త్రవేత్త, కణంలో జన్యువులను దాచే కేంద్రకం లేని బాక్టీరియాను విడదీసి నాలుగు రాజ్యాలు చేశాడు. విట్టేకర్ శిలీంధ్రాలను కూడా విడదీసి ఐదు చేశాడు.

ఐదు పేర్లకంటే ఆయన అడిగిన ప్రశ్నలు ముఖ్యం. కణంలో కేంద్రకానికి పొర ఉందా? ఒకే కణమా, అనేకమా? మూడోది తిండి గురించి: వండుకుంటుందా, పీల్చుకుంటుందా, మింగుతుందా? మొక్క ఎండలో వండుకుంటుంది. జంతువు నోట్లో వేసుకుని మింగి లోపల అరిగించుకుంటుంది. శిలీంధ్రం ఈ రెండూ చేయదు. వానలో తడిసిన మామిడి దుంగ మీద లేచిన గొడుగును పీకి, కింద చెక్కను గోటితో గీరి చూడండి. దూదిలా మెత్తబడి ఉంటుంది, తెల్లటి సన్నని దారాలు కనిపిస్తాయి. ఆ దారాలు జీర్ణరసాలను బయటికే వదిలి, చెక్కను అక్కడే కరిగించి, ఆ సారాన్ని పీల్చుకుంటాయి. కడుపు బయట పెట్టుకుని బతికే జీవి అనుకోవచ్చు. పైగా మొక్కల కణకవచం సెల్యులోజుతో తయారైతే శిలీంధ్రాలది కైటిన్‌తో తయారవుతుంది. భావనపాడు రేవులో వలిచి పారేసే రొయ్య పెంకులో ఉండేదీ కైటినే. మొక్కలు పిండిపదార్థం దాచుకుంటాయి, శిలీంధ్రాలు మన కాలేయం దాచుకున్నట్టే గ్లైకోజెన్ దాచుకుంటాయి. తర్వాత జన్యువులు చదివితే ఈ ఆనవాళ్లు అబద్ధం కాదని తేలింది. పుట్టగొడుగుకు దగ్గరి చుట్టాలు జంతువులు, అంటే మనం. మొక్కలు దూరపు చుట్టాలు. ఇది మీ మామగారికి చెబితే ఏమంటారో వినాలని ఉంది.

ఇక ఈ పాఠం దేనికి పనికొస్తుందన్న ప్రశ్న. దీనికి పుస్తకంలోని జవాబు చెప్పను. మా తోటలో జరిగింది చెబుతాను.

మాది ఉద్దానం, శ్రీకాకుళం తీరంలోని కొబ్బరి తోటల ప్రాంతం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరి తోటలో సగం చెట్లు పడిపోయాయి. మిగిలినవి మట్టలు విరిగి, మొవ్వు దెబ్బతిని, ఎలాగో నిలబడ్డాయి. ఖాళీ అయిన జాగాలో వేసిన చిన్న మొక్కలకు తోడు ఇంకా పదేళ్లు నిండని చెట్లు కొన్ని ఉండేవి, మా ఆశ అంతా వాటి మీదే. మరుసటి వానాకాలంలో వాటిలో ఒకదాని మొవ్వాకు తెల్లబారి పక్కకు వాలింది. ఎక్కిన కుర్రాడు చేత్తో లాగితే అది చేతిలోకి ఊడి వచ్చింది. కిందికి విసిరితే ముక్కు మూసుకున్నాం. మొదలంతా మెత్తగా, గోధుమరంగులో కుళ్లి, చనిపోయిన జంతువు వాసన వేసింది. మొవ్వుకుళ్లు తెగులు. కారకం ఫైటోఫ్తోరా. ఈ పేరు నేను పాతికేళ్లు నల్లబల్ల మీద రాశాను: ఫైకోమైసిటిస్ తరగతికి చెందిన శిలీంధ్రం అని.

శిలీంధ్రమైతే శిలీంధ్రనాశిని వాడాలి. అంతకు ముందు సంవత్సరం రెండు ముదురు చెట్లకు గానోడెర్మా తెగులు వచ్చింది. కాండం మొదట్లో ఎర్రటి జిగురు కారి, తర్వాత గట్టి పుట్టగొడుగు గూడులా పుట్టుకొచ్చే తెగులు అది. దానికి వేరు ద్వారా ఎక్కించిన హెక్సాకోనజోల్ సీసా ఇంట్లో మిగిలి ఉంది. అదే కలిపి మొవ్వులో పోయించాను. మందుల దుకాణంలో అడిగినా అదే ఇచ్చారు. ఆ వానలు వెనకబట్టేలోపు అయిదు చెట్లు తలలు వాల్చేశాయి. కొబ్బరికి మొవ్వు ఒకటే. అది పోతే చెట్టు పోయినట్టే.

తర్వాత ఒక వ్యవసాయ శాస్త్రవేత్త మా అరుగు మీద కూర్చుని కారణం చెప్పారు. గానోడెర్మా అసలైన శిలీంధ్రం. అలాంటి శిలీంధ్రాలు తమ కణత్వచం కోసం ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. హెక్సాకోనజోల్ చేసే పని ఆ తయారీని ఆపడం. ఫైటోఫ్తోరా ఎర్గోస్టెరాల్‌ను అసలు తయారే చేసుకోదు. లేని పనిని మందు ఏం ఆపుతుంది? దాని కణకవచంలో ముఖ్యంగా ఉండేది సెల్యులోజు, కైటిన్ కాదు. దాని విత్తులు రెండు కశాభాలతో వాననీటిలో ఈదుతూ ఒక మొవ్వు నుంచి ఇంకో మొవ్వుకు చేరతాయి, ఏ పుట్టగొడుగుకూ ఆ పద్ధతి లేదు. దారాల్లా పెరుగుతుంది, కుళ్లబెట్టి పీల్చుకుంటుంది, కాబట్టి చూడటానికి శిలీంధ్రం లాగానే ఉంటుంది. ఉన్న వీధి శిలీంధ్రాలదే. ఇంటిపేరు మాత్రం వేరు. దాని దాయాదులు సముద్రంలో పెరిగే గోధుమవర్ణ శైవలాలు (నాచులు), నీటిలో తేలే డయాటములు అనే సూక్ష్మజీవులు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరవు తెచ్చిందీ ఈ కుటుంబమే.

ఆ రోజు నాకు కలిగిన బాధ చెట్లు పోయినందుకే కాదు. పాతికేళ్లు వందల మంది పిల్లలకు, అందులో సగం మంది రైతుల పిల్లలకు, అది శిలీంధ్రమని చెప్పి పంపాను. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఇంత పొడుగు జవాబు రాస్తాను. మీ చుట్టుపక్కల ఎవరికైనా కొబ్బరి ఉంటే ఇది చెప్పండి: మొవ్వాకు వాలిన వెంటనే కుళ్లిన భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న కణజాలం కనిపించేదాకా చెక్కేసి, బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాననీరు దిగకుండా మూత కట్టాలి. పక్క చెట్ల మొవ్వుల్లో వానలకు ముందే ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. అంటే కిలో మైలుతుత్తం (రాగి లవణం), కిలో సున్నం, వంద లీటర్ల నీరు. మెటలాక్సిల్ లాంటి మందులు ఈ జాతుల మీద ప్రత్యేకంగా పనిచేస్తాయి, మోతాదు వ్యవసాయ అధికారిని అడిగి వేయండి. బోర్డో మిశ్రమం ప్రసిద్ధికెక్కింది కూడా 1880ల్లో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో ఇదే కుటుంబానికి చెందిన తెగులు మీద. రాగి ఏ రాజ్యాన్నీ చూసి ఆగదు కాబట్టి మన పెద్దలు వర్గీకరణ తెలియకుండానే గట్టెక్కారు. ఇప్పటి మందులు గురి చూసి కొట్టేవి. గురి తప్పితే చెట్టు పోతుంది.

నువ్వు చేలలో వెర్రి తెగులు కూడా ఇలాంటిదే. విజయనగరం వైపు మీకు తెలిసే ఉంటుంది, పూత రావలసిన చోట ఆకులు గుబురుగా పుట్టి కాయ పట్టదు. చాలాకాలం దాన్ని వైరస్ అనుకున్నారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు ఇలాంటి తెగుళ్లకు కారణం కణకవచమే లేని ఒక రకం బాక్టీరియా అని కనిపెట్టారు. ఫైటోప్లాస్మా అంటారు. విట్టేకర్ లెక్కలో మొనీరా. చేనులో దాన్ని మోసుకు తిరిగేవి దీపపు పురుగులు, కాబట్టి వాటిని అదుపు చేయడమే మార్గం.

ఇప్పుడు కోచింగ్ అబ్బాయి చెప్పిన మూడు డొమైన్ల దగ్గరికి వద్దాం. దానికి మా జిల్లా తీరంలోని నౌపడ ఉప్పుమడుల కంటే మంచి తరగతి గది నాకు తెలియదు.

ఏప్రిల్ నెలలో ఇంటర్ పిల్లలను అక్కడికి తీసుకువెళ్లేవాణ్ని. సముద్రపు నీటిలో ఉప్పు మూడున్నర శాతం ఉంటుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ ఎండబెడితే, ఉప్పు గట్టిపడే చివరి మడుల దగ్గరికి వచ్చేసరికి అది పాతిక శాతం దాటుతుంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే చేదు తగులుతుంది. అలాంటి నీటిలో ఏమీ బతకదని పిల్లలు పందెం కాసేవారు. కాని ఆ మడుల్లో నీరు లేత గులాబీ రంగులో ఉంటుంది. గాజు సీసాలో పట్టి ఎండకు ఎదురుగా పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ రంగే ప్రాణం.

కళాశాల సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క వేస్తే ముందుగా కనిపించేది డ్యునాలియెల్లా. రెండు కశాభాలతో గింగిరాలు తిరిగే ఏకకణ శైవలం, కొన్ని పచ్చగా, కొన్ని నారింజ రంగులో. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను అది ఎండ నుంచి రక్షణ కోసం ఒంట్లో నింపుకుంటుంది. ఇది కేంద్రకం ఉన్న జీవి, మొక్కల చుట్టం. మరి మిగతా గులాబీ రంగు? కళాశాల సూక్ష్మదర్శినికి అంతగా అందని అతి చిన్న కణాలది. వాటిలో హాలోబాక్టీరియం అనేది ప్రసిద్ధం. పేరులో బాక్టీరియం ఉంది, కేంద్రకం లేదు, కాబట్టి విట్టేకర్ దాన్ని నిస్సందేహంగా మొనీరాలో పెట్టేవాడు. కాని అది బాక్టీరియా కాదు.

ఆ సంగతి బయటపెట్టింది కార్ల్ వోస్ అనే అమెరికా శాస్త్రవేత్త. అన్ని జీవుల కణాల్లోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు ఉంటాయి. వాటిలోని ఆర్‌ఎన్‌ఏ అనే అణువు చాలా నెమ్మదిగా మారుతుంది. అందుకే అది ఇంటిపేరు లాంటిది, తరతరాలకూ వెంట వస్తుంది. వోస్, ఆయన సహచరుడు ఫాక్స్ రకరకాల జీవుల్లో ఆ ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూశారు. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులది బాక్టీరియాతో కలవలేదు, మనలాంటి కేంద్రక జీవులతోనూ కలవలేదు. అవి మూడో వంశం. 1977లో ఈ మాట ప్రకటించారు. తర్వాత ఉప్పుమడుల్లో బతికేవి, సలసల కాగే వేడినీటి ఊటల్లో బతికేవి కొన్ని ఆ వంశంలోనే చేరాయి. వాటికి ఆర్కియా అని పేరు. 1990లో వోస్ రాజ్యాల పైన ఇంకో మెట్టు పెట్టి బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా (కేంద్రకం ఉన్నవన్నీ) అనే మూడు డొమైన్లు చేశాడు. బాక్టీరియా కణకవచంలో ఉండే పెప్టిడోగ్లైకాన్ ఆర్కియాలో ఉండదు, కణత్వచంలోని కొవ్వుల నిర్మాణం కూడా వేరు. జన్యువులను చదివి పనిలో పెట్టే లోపలి యంత్రాంగం మాత్రం బాక్టీరియా కంటే మన కణాల్లోని దానికే దగ్గరగా ఉంటుంది. ఊళ్లో గోబర్ గ్యాస్ తొట్టిలో మంట వచ్చే వాయువు చేసేవీ, ఆవు కడుపులో ఉండేవీ ఆర్కియాలే. ఎక్కడో అగ్నిపర్వతాల దగ్గరే ఉంటాయనుకోనవసరం లేదు.

ఇక్కడ పిల్లలు ఒకచోట తికమక పడతారు. ఆరు రాజ్యాలు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మొనీరాను రెండుగా చీల్చి, మిగతా నాలుగూ అలాగే ఉంచితే ఆరు. మీ అన్నయ్యగారి అబ్బాయి చెప్పింది బహుశా అదే. బ్రిటన్ శాస్త్రవేత్త కావలియర్-స్మిత్ 1998లో చేసిన ఆరు వేరు: ఆయన బాక్టీరియాను ఒకటిగానే ఉంచి, ప్రొటిస్టాను రెండుగా చీల్చాడు, అందులో క్రోమిస్టా అనే కొత్త రాజ్యం ఒకటి. మా చెట్లను చంపిన ఫైటోఫ్తోరా అక్కడికి చేరింది. 2015లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి ఈ రెండు మార్పులనూ ఒకే జాబితాలో పెట్టి ఏడు రాజ్యాలన్నారు. అదే సంవత్సరం గ్రీన్‌లాండ్, నార్వేల మధ్య సముద్రగర్భపు బురదలో దొరికిన లోకీ ఆర్కియాల జన్యువులు చూశాక, కేంద్రక జీవులు ఆర్కియా వంశంలోంచే పుట్టాయన్న అభిప్రాయం బలపడింది. అలాగైతే మూడు డొమైన్లు కాదు, రెండే. నా మట్టుకు నాకు ఈ వాదన నిలుస్తుందనే అనిపిస్తుంది. మన కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పటి స్వతంత్ర బాక్టీరియా అని 1967లో లిన్ మార్గులిస్ రాసినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడది పాఠం. అంటే మనలో ఒక ఆర్కియా చుట్టం, ఒక బాక్టీరియా కలిసి కాపురం చేస్తున్నాయి.

ఐదింటిలో బాగా చెదిరిపోయింది ప్రొటిస్టా. నిజం చెప్పాలంటే అది ఎప్పుడూ వంశం కాదు, మొక్క, జంతువు, శిలీంధ్రం కాని కేంద్రక జీవులన్నిటికీ ఇచ్చిన సత్రం. సత్రంలో దిగినవాళ్లంతా బంధువులని అనుకోకూడదు, అంతే.

మీ అమ్మాయికి ఇది మనసులో నాటుకోవాలంటే దోమ దగ్గర మొదలుపెట్టండి. మన జిల్లాల్లో దోమ గురించి ఎవరికీ పరిచయం అక్కర్లేదు. పార్వతీపురం మన్యంలో మలేరియా, తీరం వెంబడి ఊళ్లలో పెద్దవాళ్లకు కనిపించే బోదకాలు, వానాకాలం పట్టణాల్లో డెంగీ. మూడింటినీ మోసేది దోమే, మూడింటికీ కారణమైనవి మాత్రం వేర్వేరు. బోదకాలుకు కారణం దారంలాంటి ఏలిక పురుగు, అంటే జంతు రాజ్యం. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కాబట్టే ఆరోగ్య కార్యకర్తలు చీకటి పడ్డాక వేలు గుచ్చి రక్తం తీస్తారు. దానికి వైద్యులు ఇచ్చే, నులిపురుగుల మందు లాంటి మందు పనిచేస్తుంది. డెంగీ వైరస్. దానికి కణమే లేదు, ఈ ఐదు రాజ్యాల్లో దేనిలోనూ చోటు లేదు, 1935లో స్టాన్లీ అనే శాస్త్రవేత్త పొగాకు వైరస్‌ను ఉప్పులా స్ఫటికంగా మార్చి చూపించాడు. డెంగీని నేరుగా చంపే మందు లేదు, ద్రవాలు తగ్గకుండా చూసుకుంటూ వైద్యుల పర్యవేక్షణలో ఉండాలి, బాక్టీరియాకు వాడే యాంటీబయాటిక్‌లు దాని మీద పనిచేయవు.

మలేరియా మూడోది, ప్రొటిస్టా. దోమ దాన్ని మోస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులో. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను మింగుతుంది కాబట్టి జంతువు లాంటిదనే అనుకున్నారు. 1990ల్లో దాని లోపల నాలుగు పొరలున్న చిన్న సంచి ఒకటి ఏమిటో తేలింది: మొక్కల్లో ఎండతో ఆహారం చేసేలాంటి, ఒకప్పటి హరితరేణువు. ప్లాస్మోడియం పూర్వీకులు ఒక శైవలాన్ని మింగి ఒంట్లో కలుపుకున్నారు. ఎండ అవసరం పోయింది, రంగు పోయింది, సంచి మాత్రం మిగిలింది. మైటోకాండ్రియా లాగే హరితరేణువు కూడా ఒకప్పటి బాక్టీరియానే, ఆ సంచి మూలం అదే కాబట్టి డాక్సీసైక్లిన్ అనే బాక్టీరియా మందు మలేరియా పరాన్నజీవి మీద కూడా పనిచేస్తుంది. రక్తంలో బతికే ఒక జీవి ఒంట్లో మొక్క ఆనవాలు, దాని వల్ల ఒక మందు. ఈ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయేవి.

ఇంట్లో చూపించడానికి ఇంకొకటి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక రేకు అమ్మాయి చేతిలో పెట్టి ఏ రాజ్యమో చెప్పమనండి. పైన బూడిద రంగు, కింద నలుపు, కాగితంలా పెళుసుగా ఉంటుంది. అది లైకెన్. శిలీంధ్రపు దారాల మధ్య శైవల కణాలు బంధించి ఉంటాయి. శైవలం వండుతుంది, శిలీంధ్రం నీడా నీరూ ఇస్తుంది. 1860ల్లో ష్వెండెనర్ ఇది ఒక జీవి కాదు, రెండు అని చెప్పినప్పుడు లైకెన్ల నిపుణులే ఆయన మీద విరుచుకుపడ్డారు. పేరు పెట్టేటప్పుడు ఇప్పుడు శిలీంధ్రం పేరే పెడతారు.

ఇక మీ అమ్మాయి ప్రశ్న: ఈస్టు ఏకకణ జీవి కదా, దాన్ని ప్రొటిస్టాలో ఎందుకు పెట్టలేదు? ఇన్నేళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. చూసేది కణాల సంఖ్య ఒక్కటే అయితే ఈస్టు ప్రొటిస్టానే. కాని మిగతా ఆనవాళ్లు చూడండి. అది మింగదు, వండుకోదు, పీల్చుకుంటుంది. గోడలో కైటిన్ ఉంది, ముఖ్యంగా పిల్లకణం విడిపోయిన మచ్చ దగ్గర. అన్నిటికంటే గట్టి సాక్ష్యం, తిండి దొరకనప్పుడు అది సంచి లాంటి కణంలో నాలుగు సిద్ధబీజాలను, అంటే విత్తుల్లాంటి కణాలను పెడుతుంది. ఇలా సంచుల్లో బీజాలు పెట్టడం ఒక పెద్ద శిలీంధ్ర కుటుంబం ఆనవాయితీ. దారాలుగా పెరిగే శిలీంధ్రాల సంతతే ఈస్టు, పంచదార పుష్కలంగా ఉండే చోట బతుకుతూ దారాలు వదిలేసి ఒంటి కణంగా సర్దుకుంది. దాని చుట్టం కాండిడా ఇప్పటికీ రెండు రకాలుగానూ ఉండగలదు. పసిపిల్లల నాలుక మీద తెల్లటి పొర తెచ్చేది అదే, ఒకచోట గుండ్రటి కణాలుగా, ఇంకోచోట దారాలుగా పెరుగుతుంది.

బేకరీలో దొరికే ఈస్టు చిటికెడు తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార వేసి, అరగంట తర్వాత నురగ వచ్చాక ఒక చుక్క బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమనండి. గుండ్రటి కణం పక్కన బుడిపెలా ఇంకో చిన్న కణం పుడుతూ కనిపిస్తుంది. చాలాచోట్ల అది విడిపోకముందే దానికీ ఒక బుడిపె వచ్చి, మూడు నాలుగు కణాలు గొలుసులా అతుక్కుని ఉంటాయి. ఆ గొలుసు బొమ్మ గీసి, ఇది ఒకే కణమా, అనేకమా అని మీ అమ్మాయినే అడగండి. ఏం చెప్పిందో నాకు రాయండి.